జాతికుక్కల పెంపకము – పెంపకందారుని ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఆంధ్రమహాభారతమును తెరచినవారికి ఆదిపర్వారంభముననే సరమ కథ కనబడును. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకపు బిడ్డ ఆడుకొనుచు యాగశాల వైపు వచ్చెను. రాజుగారి తమ్ములు దానిని కొట్టిరి. ఆ చిన్నకుక్క చేసిన తప్పు ఏమియు లేదు. అది ఏడ్చుచు తల్లియొద్దకు పోగా, తల్లి వచ్చి రాజు నెదుట నిలిచి, అపరాధము లేని బిడ్డను కొట్టినవారికి తలపని భయము కలుగునని చెప్పి వెళ్లిపోయెను. పదునొకండవ శతాబ్దిలో తెలుగు కావ్యభాషకు బాట వేసిన నన్నయభట్టు తన గ్రంథపు తొలి కథలలోనే ఒక తల్లికుక్కచేత చక్రవర్తిని నిలదీయించెను. భారతము ముగియునపుడును ఒక కుక్క కనబడును. ధర్మరాజు వెంట మహాప్రస్థానమున తుదివరకు నడచినది అదియే.

ఈనాటి విషయము జాతికుక్కల పెంపకము. కుక్కను కొట్టిన రాజకుమారులకే జవాబు చెప్పవలసిన బాధ్యత కలిగినపుడు, తన లాభము కొరకో, ముచ్చట కొరకో, కీర్తి కొరకో కుక్కలను పుట్టించు మనుష్యునకు ఎంత బాధ్యత యుండవలెను? ఈ ప్రశ్నయే ఈ ఉపన్యాసమునకు మూలము.

జాతి యనగా నేమి?

ఒక జీవిలో మేలైన గుణములు తరతరమునకు తప్పక వచ్చునట్లు మనుష్యుడు ఎన్నుకొని, జతకట్టించి, నిలిపిన వంశమే జాతి. అది అడవిలో తనంతట మొలచినది కాదు. ఈ సంగతి రైతులకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ఒంగోలు సీమలో ఊరిపెద్దలు మంచి కోడెదూడను ఏరి, దేవుని పేరనో గతించినవారి పేరనో అచ్చువేసి, ఆబోతుగా విడిచెడివారు. దాని తల్లి పాలెట్టిది, మూపురమెట్టిది, కాలిగిట్ట యెట్టిది, నడక యెట్టిది అని విచారించిన పిదపనే దానికి ఆ గౌరవము దక్కెడిది. చెడ్డ గిత్తను విడిచినచో ఊరి పశువులన్నియు చెడునని అందరికిని తెలియును. ఆ శ్రద్ధవలననే ఆ పశువులు సముద్రములు దాటి బ్రెజిలు దేశమున ‘నెలోరె’ యను పేర, అనగా మన నెల్లూరు పేరనే, వర్ధిల్లినవి.

గిత్త విషయమున ఇంత విచారించు రైతు కుక్క విషయమున మాత్రము, “ఆడది ఉన్నది, మగది ఉన్నది, పిల్లలు పుట్టును, అమ్ముకొందము” అని ఊరకుండుట తరచుగా చూచుచున్నాము. చెడ్డ గిత్త పిల్ల అరకకు పనికిరాకపోవును. చెడ్డ పెంపకమున పుట్టిన కుక్క ఇంటి పసివానిని కరవవచ్చును. నష్టము రెండవదానియందే పెద్దది.

రాజపాళయపు జాగిలము

దృష్టాంతముగా ఒక జాతిని తీసికొందము. తమిళనాడు విరుదునగరు జిల్లాలో, పడమటి కనుమల పాదమున రాజపాళయమను పట్టణము కలదు. విజయనగర కాలమున తెలుగునాటినుండి తరలిపోయిన రాజుల కుటుంబములు అచట స్థిరపడి నేటికిని ఇండ్లలో తెలుగే పలుకుచున్నవి. మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఊరి పేరనే ప్రసిద్ధమైన వేటజాగిలమును తరతరములుగా పెంచినవారిలో ఆ కుటుంబములవారు ముఖ్యులు. కాబట్టి ఆ కుక్క తమిళదేశపుదైనను తెలుగువారికి చుట్టమే.

దాని రూపము చూడ ముచ్చట గొల్పును. ఎత్తు మూపు వద్ద సుమారు 65 మొదలు 75 సెంటీమీటర్లు. పాలవలె తెల్లని పొట్టి వెండ్రుకలు, గులాబిరంగు ముక్కు, లోతైన రొమ్ము, సన్నని నడుము, పొడవైన కాళ్లు. అడవిపందుల వేటకును, పొలముల కావలికిని, ఇంటి కాపుదలకును అది పేరుపొందినది. 2005లో భారత తపాలాశాఖ నాలుగు దేశీయ జాతుల కుక్కల చిత్రములతో బిళ్లలు వెలువరించినపుడు హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్క, రాంపూరు జాగిలము, ముధోలు జాగిలములతోపాటు దీనికిని స్థానము దొరికెను. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థవారు మొట్టమొదట నమోదు చేసిన మూడు కుక్కజాతులలో ఇది యొకటి. తక్కిన రెండు చిప్పిపారై, ముధోలు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున దేశీయ జాతులను పెంపుడని కోరుచు దీని పేరును స్మరించిరి.

జాతికి కీర్తి కలుగుట మంచిదే. కాని గిరాకి పెరిగిన దినమే జాతికి గండము మొదలగును. అడిగినవాడెల్ల కొనుచున్నాడని తెలిసినపుడు, ఉన్న ఆడకుక్క నెల్ల, దొరకిన మగకుక్కతో నెల్ల జతకట్టించుటకు చేతులు దురదపెట్టును. అన్నకు చెల్లెలిని, తండ్రికి బిడ్డను కట్టుదురు. పది సంవత్సరములలో రూపము మిగులును, ఆరోగ్యము పోవును.

తెలుపులోని చెవుడు

ఈ తెల్లని జాగిలమును పట్టి పీడించు దోషము పుట్టుచెవుడు. తెలుపునకును చెవుడునకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. ఆ సంబంధము నిజమైనది. పూర్తిగా తెల్లనై నీలికండ్లు గల పిల్లులు సాధారణముగా చెవిటివగునని ఛార్లెస్ డార్విన్ తన గ్రంథమున సూచించెను. దాని కారణము తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చర్మమునకును వెండ్రుకకును రంగునిచ్చు కణములే లోపలిచెవిలోను ఉండును. అచట అవి రంగునకు గాక, వినికిడికి కావలసిన రక్తనాళపు పట్టీని బ్రతికించుటకు ఉపయోగపడును. తెల్లని జీవిలో ఆ కణములు చెవివరకు చేరకపోయినచో ఆ పట్టీ శుష్కించును. దానితో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు చచ్చును. పిల్ల పుట్టిన మూడు నాలుగు వారములలో ఈ నాశనము జరిగిపోవును. ఆ తరువాత ఏ మందును పనిచేయదు.

ఈ విషయమున ఎక్కువగా పరిశోధింపబడినది నల్లచుక్కల తెల్లకుక్కయగు డాల్మేషియన్ జాతి. అమెరికాలో పరీక్షించిన ఆ జాతి కుక్కలలో నూటికి సుమారు 8 రెండుచెవులకును, 22 ఒకచెవికిని చెవిటివని తేలినది. విచిత్రమేమనగా, ఆ జాతిలో పుట్టుకతోనే పెద్ద నల్లమచ్చ గల పిల్లలకు చెవుడు తక్కువ. అయినను పెద్దమచ్చ అందమునకు లోపమని పెంపకందారులు అట్టివానిని ఎన్నికనుండి త్రోసివేయుచు వచ్చిరి. అనగా వినికిడిని కాపాడు గుణమును తామే జాతినుండి ఏరి పారవేసిరి. రాజపాళయపు జాగిలమునందును రంగు కలిసిన పిల్లలు పుట్టినపుడు వానిని బ్రతుకనీయని ఆచారము పూర్వము ఉండెడిది. పాలవంటి తెలుపే కావలెనను పట్టుదల ఎంత ఖరీదైనదో దీనివలన గ్రహింపవచ్చును.

చెవుడును కనిపెట్టుట సులభమని అనుకొనరాదు. పళ్లెమును మ్రోగించి, చప్పట్లు కొట్టి చూచుదురు. తోబుట్టువు కదలినచో చెవిటిపిల్లయు లేచును. నేల అదరినను తలయెత్తును. ఒకచెవి వినబడు పిల్ల అన్నింటికిని పలుకును. కావున నమ్మదగినది యంత్రపరీక్షయే. పిల్లకు అయిదు వారములు నిండిన పిదప తలపై సన్నని తీగలను అమర్చి, ఒక్కొక్క చెవిలో టిక్కు టిక్కుమను ధ్వనులు వినిపించి, మెదడునుండి వచ్చు విద్యుత్ స్పందనమును కొలిచెదరు. ఇది పెద్ద పశువైద్య కేంద్రములందే దొరకును. కాని ఒకచెవి చెవుడు గల కుక్క, బయటికి ఏ లోపమును కనబడకున్నను, చెవిటి సంతానమును కను అవకాశమును పెంచును. పరీక్ష చేయింపక జతకట్టించుట కండ్లు మూసికొని విత్తనము చల్లుటవంటిది.

దగ్గరి సంబంధముల లెక్క

ఇక రక్తసంబంధపు జతల సంగతి. ప్రతి గుణమునకును పిల్లకు తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు సంక్రమించును. కొన్ని రోగములు రెండు పాళ్లును చెడ్డవైనపుడే బయటపడును. ఒకటి మంచిదై ఒకటి చెడ్డదైనచో కుక్క ఆరోగ్యముగనే యుండును, కాని రోగమును మోయుచుండును. అట్టి రెండు మోతకుక్కలు జతకట్టినచో సగటున నాలుగు పిల్లలలో ఒకదానికి రోగము వచ్చును, రెండు మోతకుక్కలగును, ఒకటి మాత్రమే నిర్దోషి. చూపునకు మూడును ఒక్కటే.

బయటివారితో జతకట్టినపుడు రెండువైపులను ఒకే చెడ్డపాలు ఉండుట అరుదు. ఇంటిలోనే కట్టినపుడు తాతనుండి వచ్చిన అదే పాలు రెండువైపులను దాగియుండును. శాస్త్రజ్ఞుల లెక్కలో అన్నాచెల్లెండ్ర జతకు గాని, తండ్రీబిడ్డల జతకు గాని పుట్టిన పిల్లలో నూటికి 25 పాళ్లు ఇట్లు ఒకే మూలమునుండి రెండుగా వచ్చునవే. ఒక తండ్రి పిల్లల జతకు 12.5; పినతండ్రి, పెదతండ్రి బిడ్డల జతకు 6.25. ఈ పాలు పెరిగినకొలది పిల్లల సంఖ్య తగ్గును, పుట్టినవి నిలువవు, రోగనిరోధకశక్తి క్షీణించును. చెవుడు ఇట్టి ఒక్కపాలి లెక్కకు లొంగునది కాదు. పెక్కు కారణములు కలిసిన దోషము. అయినను దగ్గరి జతలు దానినిగూడ మూటగట్టి తెచ్చును.

దీనిలో దొంగవలె ప్రవేశించు మరియొక ప్రమాదము కలదు. ప్రదర్శనలో బహుమతి పొందిన ఒక మగకుక్క వద్దకు అందరును తమ ఆడకుక్కలను తోలుకొని పోవుదురు. రెండు తరములలో ఆ ప్రాంతపు పిల్లలన్నియు దాని మనుమలే యగును. ఆ తరువాత ఎవరిని ఎవరితో కట్టినను బంధువుల జతయే. ఆ మగకుక్కలో ఒక దోషము దాగియున్నచో అది జాతియంతటను ప్రాకును. అందుచేత తెలిసిన పెంపకందారు బహుమతి కుక్కను మెచ్చుకొనును గాని గుంపులో చేరి దానివెంట పరుగెత్తడు.

చెడిన దానిని దిద్దుకొనవచ్చును గూడ. డాల్మేషియన్ జాతియందు మూత్రమున రాళ్లు పుట్టించు దోషము జాతియంతటికిని వ్యాపించి, స్వజాతిలో ఒక్క నిర్దోషియు మిగులలేదు. 1973లో అమెరికా దేశపు జన్యుశాస్త్రజ్ఞుడు రాబర్టు షైబిల్ ఒక్కసారి పాయింటరు జాతి కుక్కతో కలిపి, ఆ సంతతిని తరతరముగా మరల డాల్మేషియన్లతోనే జతకట్టించెను. రూపము స్వజాతిదే వచ్చినది, రోగము తొలగినది. అయినను జాతి పవిత్రత చెడునని అనేకులు అడ్డుపడిరి. ఆ కుక్కలకు అమెరికా కెన్నెల్ క్లబ్బువారి పుస్తకమున స్థిరమైన స్థానము దొరకుటకు 2011 వరకు పట్టెను. జాతి యనునది కుక్క కొరకా, లేక కుక్క జాతి కొరకా అని తేల్చుకొనుటకు ముప్పదియెనిమిది సంవత్సరములు పట్టినదన్నమాట.

ముందుగా వేసికొనవలసిన ప్రశ్న

పెంపకమునకు దిగదలచినవాడు మొదట “ఎట్లు?” అని కాక, “తగునా?” అని అడుగుకొనవలెను. కాగితము గల ప్రతి కుక్కయు తల్లి కాదగినది కాదు. వినికిడి నిండుగా నున్నదా? కండ్లు బాగున్నవా? పెద్దజాతి కుక్కలకు తుంటికీలు సడలు వ్యాధి కలదు. అది పిల్లతనమున తెలియదు. అందుచేతనే 1966లో అమెరికాలో స్థాపింపబడిన కీళ్లపరిశీలనా సంస్థవారు రెండు సంవత్సరములు నిండిన పిదప తీసిన ఎక్స్‌రే పటమునకే తుది యోగ్యతాపత్రము నిత్తురు. అన్నిటికంటె ముఖ్యము స్వభావము. పిరికికుక్క కరచును, దాని పిల్లలును కరచును. ఎంత తెల్లనిదైనను, ఎంత ఎత్తైనదైనను, చుట్టపుచూపునకు వచ్చినవారిని చూచి మూలకు దూరి పండ్లు కొరుకు కుక్క సంతానమునకు తగదు.

చట్టమును తెలిసికొనుటయు అవసరమే. 2017లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకమునకును విక్రయమునకును నియమావళి చేసినది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియందు పేరు నమోదు చేసికొనవలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టింపరాదు. ఎనిమిదేండ్లు దాటినదానిని గూడదు. ఏటికి ఒక ఈతకంటెను, జీవితమున అయిదు ఈతలకంటెను మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పుట్టినవి, చచ్చినవి, అమ్మినవి యన్నియు పుస్తకమున వ్రాయవలెను. ఇవి కనీసపు హద్దులు. మంచి పెంపకందారు ఈ హద్దులకు ఇవతలనే ఆగును. అయిదు ఈతలు చట్టమొప్పినను రెండు మూడింటితోనే తల్లికి విశ్రాంతి నిచ్చును.

చూలు, ఈత, పసికూనలు

ఆడకుక్క సాధారణముగా ఆరేడు నెలలకొకసారి ఎదకు వచ్చును. జతకట్టించుటకు ముందు రెండింటికిని రక్తపరీక్ష చేయింపవలెను. బ్రూసెల్లా యను సూక్ష్మజీవి చూలు పోగొట్టును, మనుష్యులకును అంటును. ఊరకుక్కలతో కలియుటవలన సంక్రమించు జననాంగపు కంతియు మన దేశమున ఎక్కువ. కావున ఎదలోనున్న కుక్కను కట్టుదిట్టముగ కాపాడవలెను.

చూలు సుమారు 63 దినములు. తొలి నెలలో మేత పెంచనక్కరలేదు. చివరి మూడు వారములలో క్రమముగా పెంచవలెను. ఎముకల బలమునకని చూలుకాలమున సున్నపుమందు పోయుట పలువురు చేయు పొరపాటు. దానివలన దేహము తన సున్నమును తాను తీసికొను శక్తిని కోల్పోవును. పాలిచ్చు దినములలో తల్లి వణకి, బిగుసుకొని పడిపోవు ప్రమాదము దానివలన పెరుగును.

ఈనుటకు ఒకదినము ముందు తల్లి దేహపు వేడి 99 డిగ్రీలకు దిగువకు జారును. ఉదయసాయంకాలములు వేడిని కొలిచి వ్రాసినవానికి రాత్రి మేలుకొనవలసిన దినము ముందే తెలియును. బలముగ ముక్కుచు అరగంట గడచినను పిల్ల రాకపోయినను, లోపల పిల్లలుండగా రెండుగంటలు ఊరకున్నను, మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చని ద్రవము కనబడినను క్షణము ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను. “తెల్లవారనీ, చూతము” అన్నవారి ఇంట తల్లియు మిగులదు. శస్త్రచికిత్సకు డబ్బు చేతిలో లేనివాడు అసలు ఈతకు సిద్ధపడరాదు.

పుట్టిన పిల్ల తన వేడిని తాను నిలుపుకొనలేదు. మొదటివారము దాని పడక 85 మొదలు 90 డిగ్రీల వెచ్చదనమున నుండవలెను. తొలిదినపు ముర్రుపాలు తప్పక త్రాగింపవలెను. ప్రతిదినమును చిన్నత్రాసులో తూచి బరువు వ్రాయవలెను. పదిదినములకు బరువు రెట్టింపు కావలెను. ఒకదినము పెరుగని పిల్లయే మరునాడు చచ్చు పిల్ల. రెండవవారమున కండ్లు తెరచును, చెవులు విచ్చుకొనును. రెండువారములనుండియే నట్టలమందు మొదలిడవలెను. ఆరు మొదలు ఎనిమిది వారముల మధ్య తొలిటీకా, తరువాత నాలుగు నెలలు నిండువరకు మరల మరల టీకాలు వేయింపవలెను. 1978 ప్రాంతమున లోకమంతట ప్రబలిన పార్వో వ్యాధి రక్తవిరేచనములతో ఈతకు ఈతనే తుడిచివేయగలదు. మూడవనెలలో పిచ్చికుక్కవ్యాధి టీకా. ఇది కుక్క కొరకు మాత్రమే కాదు, ఊరి పిల్లల కొరకు.

టీకాలంత ముఖ్యమైనది మరియొకటి కలదు. మూడవవారము మొదలు పండ్రెండవవారము వరకు కుక్కపిల్ల మనసు తడిమట్టివంటిది. అమెరికాలో స్కాటు, ఫుల్లరు అను ఇరువురు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు పరిశీలించి 1965లో గ్రంథముగా వెలువరించిన సత్యమిది. ఆ వారములలో ముసలివారిని, పసివారిని, గొడుగును, సైకిలును, ఉరుమును, రోటిపోటును పరిచయము చేసికొన్న పిల్ల జీవితమంతయు ధైర్యముగ నుండును. చీకటికొట్టులో కట్టివేసిన పిల్ల జీవితమంతయు భయముతో బ్రతుకును. ఆ భయమునే జనులు క్రూరత్వమని పిలుతురు.

అమ్మకమున కనబడు ధర్మము

పెంపకందారుని నిజస్వరూపము అమ్మకమునాడు బయటపడును. ఒక దృశ్యమును ఊహింపుడు. పట్టణమునుండి ఒక యువకుడు కారులో దిగెను. ఆరు పిల్లలలో ఒకటి అన్నిటికంటె తెల్లనిది, నీలికండ్లు గలది.

“పెద్దయ్యగారూ, ఆ నీలికళ్ల పిల్ల ముచ్చటగా ఉన్నదండి. దాన్నే ఇప్పించండి.”

“అది అమ్మేది కాదు నాయనా. దానికి చెవులు వినబడవు.”

“వినబడకపోతేనేమండి, వేటకా కాపలాకా? అందానికేగదా! మీరు అడిగినంత ఇస్తాను.”

“అందానికనే తీసుకుపోతావు బాబూ. అది నిద్రపోతుండగా మీ పసివాడు వచ్చి మీద చెయ్యి వేస్తాడు. అడుగుల చప్పుడు దానికి తెలియదు. ఉలిక్కిపడి కరుస్తుంది. అప్పుడు తప్పు దానిదే అంటారు. అది నా దగ్గరే ఉంటుంది. చేతిసైగలు నేర్పుకుంటాను.”

ఆ పెద్దయ్య ఆనాడు పోగొట్టుకొన్నది చేతికి వచ్చిన సొమ్ము. నిలిపినది ఆ జాతిపరువు. చెవిటికుక్కలు సైగలతో చక్కగా బ్రతుకును. కాని ఓపిక గలవారి ఇంట, నిజము తెలిసిన చేతులలో, సంతానము లేకుండ బ్రతుకవలెను. నీలికన్ను వింత యని ఎక్కువ ధరకు అమ్మువాడు అజ్ఞానియైనను కావలెను, మోసగాడైనను కావలెను.

కొనవచ్చినవానిని పెంపకందారు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఇంట స్థలమున్నదా? పగలు ఎవరుందురు? వేటజాగిలమునకు దినమును పరుగు కావలెను. మేడమీద గొలుసుతో కట్టినచో అది పిచ్చిదగును. ఊరు మారవలసివచ్చినచో ఏమి చేయుదురు? ఈ చివరి ప్రశ్నకు పెంపకందారే జవాబు నీయవలెను: “ఎప్పుడైనను, ఏ కారణముననైనను పెంచలేకపోయినచో వీధిలో విడువవద్దు. నాకే తిరిగి ఇండు.” ఈ మాట వ్రాతమూలముగ ఇచ్చిననాడే పెంపకము వ్యాపారమునుండి ధర్మముగ మారును. పుట్టించినవాడు ఆ ప్రాణమునకు చివరివరకు పూచీదారు. ఎన్ని పిల్లలను తిరిగి తీసికొనగలడో అంతకుమించి పుట్టింపకుండుటయే అతని లెక్క కావలెను.

లాభమెంత యని అడుగువారుందురు. పరీక్షలు, టీకాలు, మేత, వైద్యుడు, తిరిగివచ్చిన కుక్కల పోషణ ఇవన్నియు నిజాయితీగ వ్రాసినచో మిగులునది స్వల్పము. ఎక్కువ మిగిలిన చోట ఏదో ఒకటి ఎగగొట్టబడినదని తెలియవలెను. అది సాధారణముగ తల్లికుక్క వంతే యగును.

మరియొక మాట. జాతికుక్కను పెంచువాడు ఊరకుక్కను హీనముగ చూడరాదు. ఊరకుక్క పెక్కు తరములు ప్రకృతియే ఏరిన జీవి. అది మన యెండకు, మన వానకు, మన గంజికి తగినది. మంచుదేశపు కుక్కను తెచ్చి వేసవిలో రొప్పించుటకంటె, ఊరకుక్కకు టీకా వేయించి, సంతాననిరోధము చేయించి, గుమ్మమున చోటిచ్చుట వేయిరెట్లు మేలు. కావలికి మాత్రమే కుక్క కావలసినవానికి అదియే చాలును.

పుస్తకమే ప్రాణము

చివరగా, ఈ సభ గ్రంథాలయపు సభ గనుక, పుస్తకమును గూర్చి ఒక మాట. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమున వచ్చిన ప్రతి పుస్తకమునకు చేర్పుపుస్తకమున ఒక పద్దు కలదు. ఏనాడు వచ్చినది, ఎవరిచ్చిరి, ఎవరు తీసికొనిరి, ఏది పోయినది యని వ్రాయబడియున్నది. పోయిన పుస్తకమును ఉన్నట్లు వ్రాసిన గ్రంథాలయము గ్రంథాలయము కాదు.

జాతియు అట్టిదే. అది రక్తమునందెంత యున్నదో వంశావళి పుస్తకమునను అంతయే యున్నది. తల్లి యెవరు, తండ్రి యెవరు, ఎన్ని పుట్టినవి, ఎన్ని చెవిటివి, ఎన్ని చచ్చినవి, ఎవరింటికి పోయినవి అను పద్దులు నిజమైనచో వందయేండ్ల తరువాత వచ్చువాడును దోషమును వెదకి పట్టుకొనగలడు. చెవిటిపిల్లను దాచి, పద్దు కొట్టివేసి, ఇతరుని మగకుక్క పేరు వ్రాసికొన్నచో ఎంత గొప్ప జాతియైనను గ్రుడ్డిదగును. కెన్నెల్ క్లబ్బుల ముద్రలు ఆ పద్దు నిజమని తాము చూచి చెప్పలేవు. వ్రాసినవాని మనస్సాక్షియే దానికి సాక్షి.

ఈ గ్రామమున ఒక యువకుడైనను రేపు కుక్కలపెంపకము మొదలిడదలచినచో, అతడు మొదట కొనవలసినది ఆడకుక్కను కాదు, ఒక గట్టి అట్టపుస్తకమును. తరువాత ఒక మంచి పెంపకందారునియొద్ద ఒకటి రెండు సంవత్సరములు చేతిక్రింద నుండి నేర్చుకొనవలెను. తరువాత పశువైద్యునితో స్నేహము చేయవలెను. కుక్క చివర రావలెను.

సరమ జనమేజయుని సభలో అడిగినది బిడ్డకు న్యాయము మాత్రమే. ప్రతి ఈతలోను ఒక తల్లి తన పిల్లలను నాకుచు తలయెత్తి యజమానిని చూచును. ఆ చూపునకు తలవంపకుండ నిలువగలవాడే జాతికుక్కల పెంపకందారు.

స్వస్తి.